జట్టులో నాలుగో పిల్ల

నాలుగో తరగతి గది, బడి
సెప్టెంబరు 4

అక్కా,

ఇక్కడ అందరం కులాసా. కొండ మీద నువ్వూ అలాగే ఉంటావన్న ధైర్యంతో సరాసరి విషయంలోకి వస్తున్నాను.

నన్ను క్రాస్ కంట్రీ కోచ్‌ని చేశారు.

నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మా డ్రిల్లు మాస్టారికి బదిలీ అయింది. ఆయన ఈల, స్టాప్‌వాచీ, చిరిగిన రెండు జెండాలు పెద్ద మేడం నా బల్ల మీద పెట్టి, "మీ అక్కగారు ఛాంపియన్ కదా మాస్టారూ, మీ రక్తంలోనే ఉంటుంది" అన్నారు. నా రక్తంలో ఉన్నది ఏమిటో నీకు తెలుసు. బస్సు వెనకాల పరుగెత్తడం తప్ప నేను చేసిన వ్యాయామం లేదు, ఆ బస్సూ సగం సార్లు దొరకలేదు.

పోటీ నవంబరులో. పదకొండేళ్ల లోపు ఆడపిల్లలకి. గుండ్రటి మైదానంలో కాదు, పొలాల్లో, గడ్డిలో, బురదలో, మధ్యలో ఓ గుట్ట ఎక్కి దిగి, మొత్తం రెండు కిలోమీటర్లు. బడికి ఆరుగురి దాకా పరుగెత్తవచ్చు. అందులో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లది గెలుపు. నలుగురు ముగింపు గీత దాటకపోతే ఆ బడికి జట్టే లేనట్టు.

మా చిన్న బడికి దొరికింది సరిగ్గా నలుగురు. మొదటిది బేకరీ ఆవిడ కూతురు. పిల్లలు దాన్ని కందిరీగ అంటారు. అది పరుగెత్తడం కాదు, ఎవరినో కుట్టడానికి పోతున్నట్టు ఉంటుంది. రెండోది తూనీగ, కాళ్లు నేలకి తగులుతున్నాయో లేదో నాకింకా తేలలేదు. మూడోది కుంపటి. మొదలుపెట్టడం భగ్గుమని మొదలుపెడుతుంది, సగం దూరంలో బూడిదవుతుంది.

నాలుగోదాన్ని నిదానం అంటారు. పేరులోనే ఉంది కదా. నెత్తి మీద నిండు బిందె పెట్టుకున్నట్టు, ఒక్క చుక్క ఒలకకుండా పరుగెత్తుతుంది. మిగతా ముగ్గురూ వచ్చి, నీళ్లు తాగి, జడలు వేసుకుని, ఓ దెబ్బలాట కూడా పూర్తిచేశాక అది వస్తుంది. కానీ వస్తుంది.

నువ్వు రోడ్లు కొలిచే మనిషివి, పైగా మూడేళ్లు వరసగా కప్పులు తెచ్చినదానివి. అభ్యాసానికి దారి ఎలా వెయ్యాలి? ఈ నాలుగోదానితో నేనేం చెయ్యాలి?

బుల్లి బాగుంది. నువ్వు సర్వేకి, బావ ఓడ మీదికి వెళ్తూ దాన్ని మా దగ్గర దింపిన రోజుకీ ఇప్పటికీ రెండంగుళాలు పొడుగైంది. బాగా తింటోంది, ఎనిమిది కొట్టేసరికి నిద్రపోతోంది. మీ మరదలు నిన్ను అడిగానని రాయమంది.

నీ తమ్ముడు (కోచ్)


రెండో డేరా, కొండ రోడ్డు సర్వే క్యాంపు
సెప్టెంబరు 15

ఒరేయ్ కోచ్,

నవ్వాను. కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్ డేరాలోకి తొంగిచూసి "అంతా బానే ఉందా మేడం?" అని అడిగేటంతగా నవ్వాను. ఇక్కడ టవర్ లేదు, వారానికోసారి సరుకుల జీపుతో పాటు వచ్చే ఉత్తరాలే మాకు సినిమా.

ఇక చెప్తాను, రాసుకో.

యాభై మీటర్ల తాడు తీసుకో. పది మీటర్లకో ముడి వెయ్యి. అడుగులతో కొలవకు, నీ అడుగు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. బడి వెనకాల నేల ఎలా ఉంటే అలా వాడుకో, చదును చెయ్యకు. ఎడమకి తిరిగేచోట ఎర్రజెండా, కుడికి తిరిగేచోట పసుపుజెండా. జెండాకి బయటి వైపు నుంచే తిరగాలని మొదటిరోజే చెప్పు, లేకపోతే పిల్లలు మేకల్లా అడ్డంగా కోసుకుపోతారు.

మొదటి మూడు వారాలు గడియారం తీయకు. పక్కపక్కనే మాట్లాడుకుంటూ పరుగెత్తమను. మాట తెగితే వేగం ఎక్కువైనట్టు. కుంపటిని వెనక నుంచి మొదలుపెట్టించు, ముందువాళ్లని దాటడం రుచి చూస్తే అదే నేర్చుకుంటుంది. గుట్ట ఎక్కేటప్పుడు పాదాల కేసి చూడాలి, దిగేటప్పుడు దూరంగా చూడాలి.

నాలుగోదాన్ని మార్చెయ్.

మొహమాటపడకు. ముగ్గురు గుర్రాల్లా పరుగెత్తి, నాలుగోది చివర వస్తే ఆ ముగ్గురి కష్టమూ బూడిదలో పోసినట్టే. ఇంకో తరగతిలో వెతుకు, దొరుకుతారు. పరుగు రాని పిల్లని పరుగెత్తించడం ఆ పిల్లకే అన్యాయం. దానికి వచ్చింది ఏదో ఉంటుంది, అది చేయించు.

బుల్లి ఉత్తరాలు నాలుగేసి ముక్కలు ఉంటున్నాయి. "అమ్మా, బాగున్నాను. లెక్కల్లో పదికి పది. అత్తయ్య కొత్త గౌను కుట్టింది. ఉంటాను." టెలిగ్రామ్ ఇస్తున్నట్టు. అక్కడ దిగులుగా ఉంటోందా? దాచకుండా రాయి.

అక్క


ఇల్లు, కుట్టుమిషను పక్క బల్ల
అక్టోబరు 1

అక్కా,

దారి వేశాం. నీ తాడు, నీ ముడులు, నీ జెండాలు. బడి వెనక గోడకి ఉన్న చిన్న గేటు దగ్గర మొదలు. నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి, కూరగాయల తోట గట్టు మీదుగా, రైల్వే కంచె పక్కన మట్టిదిబ్బ ఎక్కి దిగి, మళ్లీ గేటు. ఒక చుట్టు ఏడువందల మీటర్లు. తోటాయన మొదట కర్ర పట్టుకుని వచ్చాడు. రెండోరోజు ఊరికే వచ్చాడు. మూడోరోజు బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని, "ఆ జడపిల్ల మోచేతులు బారజాపుతోంది మాస్టారూ, దగ్గరికి పెట్టుకోమనండి" అంటున్నాడు. ఇప్పుడు మాకు ఇద్దరు కోచ్‌లు.

కుంపటిని నువ్వు చెప్పినట్టే వెనక నిలబెట్టాను. మొదటిరోజు ఏడ్చింది. రెండోరోజు తూనీగని దాటింది. మూడోరోజు నుంచి "సార్, నేను వెనకాలే" అని తనే పోయి నిలబడుతోంది. నీ మాట మంత్రంలా పనిచేసింది.

నాలుగోదాన్ని మాత్రం మార్చలేదు.

మార్చడానికి మనిషి లేక కాదు. ఐదో తరగతిలో ఒకమ్మాయి ఉంది, పొడుగ్గా. అడిగితే వచ్చేది. కానీ మొన్న శుక్రవారం ఒకటి జరిగింది. మూడు చుట్లు పెట్టాను. ముగ్గురూ వచ్చేశారు. నిదానం కూడా వచ్చింది. చుట్లు లెక్క చూసి పుస్తకంలో రాసుకుంటున్నాను. తలెత్తేసరికి అది మళ్లీ గేటు దాటి పోతోంది.

"ఏయ్, అయిపోయింది! ఎక్కడికి?" అని అరిచాను.

"ట్యాంకు దగ్గర జెండా లోపల నుంచి వచ్చేశాను సార్! ఆ చుట్టు లెక్కలోకి రాదు!"

ఎవరూ చూడలేదు అక్కా. నేను చూడలేదు, తోటాయన చూడలేదు. మొత్తం చుట్టు మళ్లీ పరుగెత్తి వచ్చింది. మొహం టొమాటోలా ఉంది. వచ్చి, "ఇప్పుడు రాసుకోండి" అంది.

అలాంటి పిల్లని నేను తీసెయ్యలేను. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు. ఈ పిల్ల పరుగెత్తి నీళ్లే తాగుతోంది, అయినా మానడం లేదు.

మీ మరదలు జట్టుకి చొక్కాలు కుడుతోంది. హోటల్ కర్టెన్లు కుట్టగా మిగిలిన ఆకుపచ్చ గుడ్డ. దూరం నుంచి చూస్తే నాలుగు కిటికీలు పరుగెత్తుకొస్తున్నట్టు ఉంటుంది.

బుల్లికి దిగులేం లేదు. పొద్దస్తమానం ఏదో ఒక పనిలో ఉంటుంది.

నీ తమ్ముడు


రెండో డేరా, కొండ రోడ్డు సర్వే క్యాంపు
అక్టోబరు 12

ఒరేయ్,

నీది మెత్తటి మనసని చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ నిజాయితీకి వేరే బహుమతులుంటాయి. పరుగు పందెంలో పరుగే కొలుస్తారు.

ఇక్కడ రోడ్డు పని రెండో వంపు దాటింది. నిన్న వాన కురిసి మా గుర్తుకర్రలు పదకొండు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి పాతాం. అందుకే కాస్త కరుకుగా రాస్తే ఏమీ అనుకోకు. అయినా రాస్తాను.

ఆ పిల్ల ఇంట్లోవాళ్లకి చెప్పావా? అంతమందిలో మీ పిల్ల చివర వచ్చే అవకాశం ఉందని వాళ్లకి తెలుసా? అదే నా బిడ్డయితే, నాకు చెప్పకుండా మాస్టారు దాన్ని అలా నిలబెడితే, నేను బడికి వచ్చి నిన్ను నాలుగు కడిగేదాన్ని. పదిమంది ముందు నా కూతుర్ని చివర రానివ్వను. ఓసారి అలా చూశాను, చాలు. పిల్ల మొహం చూడలేకపోయాను.

తల్లికి చెప్పు. ఆమె ఒప్పుకుంటే నీ ఇష్టం.

బుల్లి ఏ పనిలో ఉంటుందో రాయలేదు నువ్వు. "ఏదో ఒక పని" అంటే ఏం పని?

అక్క


ఇల్లు
అక్టోబరు 20

అక్కా,

తల్లికి చెప్పమన్నావు. చెప్తున్నాను.

నిదానం మన బుల్లి.

కూర్చుని చదువు. నాలుగు కడగాలనుకున్నావు కదా, కడుగు, కానీ పూర్తిగా చదివాక.

జట్టు కోసం పేర్లు అడిగినరోజు అన్నిటికన్నా ముందు లేచిన చెయ్యి దానిది. నేనే తెల్లబోయాను. ఇంటికొచ్చాక మీ మరదలి మిషను కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుతూ అడిగింది, "మామయ్యా, అమ్మకి చెప్పకు."

"ఎందుకే?"

"చెప్తే వద్దంటుంది."

"ఎందుకు వద్దంటుంది?"

అప్పుడు చెప్పింది. రెండేళ్ల క్రితం వాళ్ల పాత బడిలో పరుగు పందెం. నువ్వు సెలవు పెట్టుకుని చూడ్డానికి వెళ్లావట. అది చివర వచ్చిందట. నువ్వు దాన్ని ఎత్తుకుని, "పోనీలే తల్లీ, అందరికీ అన్నీ రావు. పరుగు నీకు రాదులే, బెంగపడకు" అన్నావట. ముద్దు కూడా పెట్టావట. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "అమ్మ కోప్పడలేదు మామయ్యా. కోప్పడితే బావుండేది."

దానికి పరుగు రాదని నీ నోట్లోంచి వచ్చింది. దాని దృష్టిలో నీకంటే పరుగు తెలిసినవాళ్లు లేరు. అందుకే నీకు తెలియకుండా నేర్చుకోవాలనుకుంది. నేను మాటిచ్చాను. ఇచ్చి, మాట తప్పకుండా నిన్ను సలహా అడగాలని తెలివి చూపించి, మారుపేరుతో రాశాను. ఆ తెలివి తప్పే. నువ్వు "మార్చెయ్" అని రాసిన ఉత్తరం దానికి చూపించలేదు, ఎప్పటికీ చూపించను. నిన్న దానితో చెప్పాను, ఇక అమ్మ దగ్గర దాచలేనని. "సరే. కానీ రావొద్దని రాయి. అమ్మ ఉంటే నాకు కాళ్లు రావు" అంది.

దాన్ని మానిపించమంటే మానిపిస్తాను. నువ్వు తల్లివి. కానీ నువ్వే దానికి రాయాలి. నా నోటితో చెప్పలేను.

నీ తమ్ముడు


క్యాంపు
అక్టోబరు 27

నీ ఉత్తరం అందింది. నా బిడ్డ సంగతి నాకే పరాయి పిల్ల సంగతిలా చెప్పి సలహా అడుగుతావా? నేను ఆ మాటలు ఎవరి గురించి రాస్తున్నానో తెలిసీ రెండు నెలలు నన్ను రాయనిచ్చావా?

ఇప్పుడేం రాయలేను. జీపు వెళ్లిపోతోంది.


రెండో డేరా
నవంబరు 3

తమ్ముడూ,

పోయిన వారం ముక్క చింపి పారెయ్.

ఈ వారం రోజులూ కొండ మీద కర్రలు పాతుతూ, నేను రాసిన మాటలన్నీ ఒక్కోటీ గుర్తు తెచ్చుకున్నాను. "ముగ్గురి కష్టమూ బూడిదలో పోసినట్టే." "మార్చెయ్." ముక్కూమొహం తెలియని పిల్ల గురించి అయితే ఎంత సులువుగా రాశానో చూడు. నీ మీద కోపం ఇంకా పావువంతు ఉంది. మిగతా ముప్పావు నా మీదికి తిరిగింది.

నీకొకటి చెప్పాలి. ఇంట్లో అందరికీ తెలిసింది, మోకాలి నొప్పి వల్ల నేను పరుగు మానేశానని. నాకే నొప్పీ లేదు. మూడేళ్లు మొదటి స్థానం వచ్చాను. నాలుగో ఏడు రెండో స్థానం వచ్చాను. అంతే. నా ముందు ఒకమ్మాయి వీపు కనపడింది, గీత దాటేవరకూ కనపడుతూనే ఉంది. ఇంటికి వచ్చి మోకాలు పట్టుకుని మంచం ఎక్కాను. పన్నెండేళ్ల పిల్లని, కుంటడం ఎంత బాగా నటించానంటే అమ్మ నెలరోజులు నూనె రాసింది.

రెండో స్థానమే ఓర్చుకోలేనిదాన్ని, చివరి స్థానం వచ్చిన బిడ్డ ఏడవకుండా నిలబడితే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. "నీకు రాదులే" అన్నాను. అది ఓదార్పు అనుకున్నాను. భయపడింది నేనురా, అది కాదు.

అది పరుగెత్తనీ. నేను రాను. మాటిస్తున్నాను. దానికి ఈ జీపులోనే విడిగా ఓ కాగితం రాశాను, నాలుగు ముక్కలే, దాని పద్ధతిలోనే. "బుల్లీ, మామయ్య చెప్పాడు. పరుగు నీకు రాదన్నది నా తప్పు. నాకు తెలియక అన్నాను. గుట్ట దిగేటప్పుడు దూరంగా చూడు. అమ్మ."

మా చైన్‌మన్ అడుగుతున్నాడు, పోటీ ఎప్పుడని. క్యాంపంతా తెలిసిపోయింది.

అక్క


బడి, స్టాఫ్ రూమ్
నవంబరు 22

అక్కా,

ముందు ఫలితం రాసేస్తాను, లేకపోతే నువ్వు చివరి పేజీకి దూకుతావని తెలుసు. మూడో స్థానం. పదిహేడు బళ్లలో. మొదటి మూడు బళ్లూ పెద్ద పోటీకి వెళ్తాయి. మేం వెళ్తున్నాం.

ఇప్పుడు నిదానంగా చదువు.

రాత్రంతా వాన కురిసి పొద్దున్నే ఆగింది. తొంభై ఆరుమంది పిల్లలు ఒకే గీత మీద, రంగురంగుల చొక్కాలు, మధ్యలో మన నాలుగు కర్టెన్లు. పెద్ద మేడం గొడుగు పట్టుకుని, ఎండా వానా ఏదీ లేకపోయినా దించకుండా నిలబడ్డారు. తోటాయన బకెట్టు తెచ్చుకున్నాడు.

బుల్లి గీత దగ్గరికి వెళ్లే ముందు లేసులు రెండుసార్లు కట్టుకుంది. "భయమా?" అన్నాను. "లేదు. నాలుగోదాన్ని నేను. నేను వస్తేనే మొత్తం అవుతుంది" అంది. ధీమాగా అంది అక్కా.

తుపాకీ పేలగానే కుంపటి నేర్చుకున్నదంతా మర్చిపోయింది. వెనక మొదలుపెట్టాల్సింది, అందరికన్నా ముందు భగ్గుమంది. కందిరీగా తూనీగా పద్ధతిగా పోయారు. బుల్లి ఎనభయ్యో స్థానంలో, నెత్తి మీద బిందె దింపకుండా. తర్వాత అందరూ గుట్ట వెనక్కి పోయారు. ఆ గుట్ట వెనక ఏం జరుగుతోందో ముగింపు దగ్గరున్న మాకెవరికీ కనపడదు. ఆ రెండు నిమిషాలూ కోచ్ అన్నవాడికి నరకం.

అక్కడ జరిగింది, ఆ మలుపులో జెండా పట్టుకుని నిలబడ్డ ఆసుపత్రి నర్సమ్మ తర్వాత చెప్పింది. కుంపటి డొక్క పట్టుకుని గట్టు మీద కూలబడి ఏడుస్తోంది. పిల్లలందరూ దాటి పోతున్నారు. బుల్లి వచ్చి ఆగింది.

"లే."

"నా వల్ల కాదు. డొక్కలో పొడుస్తోంది."

"అయితే నడు."

"నడిస్తే ఆఖరు వస్తాను."

"వస్తే ఏమవుతుంది? నేను ఓసారి వచ్చాను. ఏమీ అవలేదు. మర్నాడు మామూలుగా బడికి వెళ్లాను."

కుంపటి ఏడుపు ఆపి చూసిందట. "నిజంగా?"

"నిజంగా. నువ్వు రాకపోతే మాత్రం కందిరీగా వాళ్లు పరుగెత్తింది దండగ. నేను పోతున్నా, నువ్వు వెనకే రా."

చెయ్యి పట్టుకుని లాగడం, భుజం మీద మొయ్యడం, అలాంటివేం లేవు. చెప్పాల్సింది చెప్పి పోయింది. నర్సమ్మ అంది, "పెద్ద డాక్టరు రౌండ్లకి వచ్చి వెళ్లినట్టు వెళ్లిందండీ."

కందిరీగ ఐదో స్థానం. తూనీగ పన్నెండు. తర్వాత ఎరుపులు, నీలాలు, పసుపులు వస్తున్నాయి, ఆకుపచ్చ లేదు. లెక్కపెట్టడం మానేశాను. అప్పుడు గుట్ట మీద బుల్లి కనపడింది. దూరంగా చూస్తూ దిగింది అక్కా, నువ్వు రాసినట్టే. అందరూ అలిసిపోయి పాదాలు ఈడ్చేచోట దానికి బిందె దింపే వేళ అయినట్టుంది. ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ వచ్చింది. నలభై తొమ్మిదో స్థానం. గీత దాటి నా వైపు రాలేదు, వెనక్కి తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని గుట్ట కేసి చూస్తూ నిలబడింది.

కుంపటి వచ్చింది. సగం నడక, సగం పరుగు, మొహమంతా బురద. అరవయ్యో స్థానం.

మొత్తం నూట ఇరవై ఆరు. నాలుగో బడికి నూట ఇరవై తొమ్మిది. పెద్ద మేడం గొడుగు గాల్లోకి విసిరేశారు. అది తోటాయన మీద పడింది. ఆయన పట్టించుకోలేదు.

ఇక అసలు సంగతి. పెద్ద పోటీ డిసెంబరు 9న, మీ క్యాంపు నుంచి నాలుగు గంటల ప్రయాణం. నిన్న అన్నం తింటూ బుల్లి అంది, "మామయ్యా, అమ్మని రమ్మని రాయి. కానీ ముగింపు దగ్గర నిలబడొద్దను. అక్కడ అందరి అమ్మలూ ఉంటారు. గుట్ట వెనకాల నిలబడమను. అక్కడే కష్టం."

వస్తావా?

నీ తమ్ముడు


బస్టాండు, మూడో నంబరు బెంచీ
డిసెంబరు 9

తమ్ముడూ,

బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది. రేపు పొద్దున్నే కాంట్రాక్టరు ముందు వంపులు కొలిచి చూపించాలి, లేకపోతే ఈ పూట మీతోనే ఉండేదాన్ని. నువ్వు ముగింపు దగ్గర ఉన్నావు, నేను గుట్ట వెనకాల ఉన్నాను. పందెం అయ్యాక మాట్లాడుకునే తీరికే దొరకలేదు. అక్కడ జరిగింది నువ్వు చూడలేదు, అది చెప్పదు. అందుకని రాస్తున్నాను.

మా చైన్‌మన్ కూడా వస్తానన్నాడు. వద్దన్నాను. క్యాంపు తరఫున ఓ అరటిపళ్ల గెల ఇచ్చి పంపాడు. దాన్ని భుజాన వేసుకుని గుట్ట వెనక్కి వెళ్లేసరికి జెండా పట్టుకున్నాయన నన్ను పళ్లమ్మే మనిషి అనుకుని రేటు అడిగాడు.

నిలబడడానికి మంచి చోటు చూసుకున్నాను. ఇన్నేళ్లు రోడ్లు కొలిచినదాన్ని కదా, మలుపులో ఎక్కడ నిలబడితే రెండు వైపులా కనపడుతుందో ఇట్టే తెలిసిపోయింది. జెండా పక్కనే, దాదాపు ఆనుకుని.

ముందువాళ్లు వచ్చారు. కందిరీగని చూశాను, నువ్వు రాసినట్టే ఉంది, పక్కకి తప్పుకోవాలనిపించింది. తూనీగ. తర్వాత గుంపులు. ఏమని అరవాలో ఆలోచిస్తున్నాను. "శభాష్" అననా? "త్వరగా" అననా? రెండూ నాకు నచ్చలేదు. ఓసారి అన్న మాట రెండేళ్లు ఉండిపోతుందని తెలిశాక నోరు తెరవడం అంత తేలిక కాదురా.

అప్పుడు అది వచ్చింది. ఆకుపచ్చ చొక్కా, జడలు రెండూ తల మీదికి కట్టి, మోచేతులు దగ్గరికి పెట్టుకుని. దాని పరుగు నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ రోజు బడిలో చూసింది దాని స్థానాన్ని, దీన్ని కాదు. ఎక్కేటప్పుడు పాదాల కేసి చూస్తూ ఒకే వేగంతో, పక్కన ఎవరు దాటినా, ఎవరిని తను దాటినా, మార్చకుండా వస్తోంది. నాకు అది ఏనాడూ చేతకాలేదు. నేను పక్కవాళ్లని చూస్తూ పరుగెత్తేదాన్ని.

నా ఎదురుగా వచ్చింది. తలెత్తి నన్ను చూసింది. నేను నోరు తెరిచాను.

"అమ్మా, జరుగు!" అని అరిచింది.

జరిగాను. జరగడం కాదు, ఎగిరాను. అరటిగెలతో సహా పోయి పొదలో పడ్డాను. అది జెండాకి బయటి వైపు నుంచి, నేను నిలబడ్డ చోటు మీదుగా తిరిగి, మలుపు దాటి దిగిపోయింది. దాని వెనకాల ఓ నలుగురు పిల్లలు కూడా "జరగండాంటీ, జరగండాంటీ" అంటూ పోయారు. ముళ్లు పీక్కుంటూ నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, జెండాయన "దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడుగుతున్నాడు.

నూట ఇరవైమందిలో డెబ్భై నాలుగు. బడికి పదో స్థానం. సంతోషం. కుంపటి ఈసారి వెనక మొదలుపెట్టిందని మర్చిపోకుండా మెచ్చుకో.

నువ్వు పిల్లలకి పళ్లు పంచుతున్నప్పుడు నేను బుల్లి పక్కన కూర్చుని షూస్‌లోంచి బురద తీస్తున్నాను. అడిగాను, "నేను దారికి అడ్డంగా నిలబడ్డానా?"

అది నా వైపు చూసింది, నువ్వు లెక్క తప్పిన పిల్లల వైపు చూసినట్టు. "జెండా పక్కన నిలబడ్డావమ్మా. అందరం అక్కణ్ణించే కదా తిరగాలి. ఇంకా కిందికి, రాయి ఉంది చూడు, అక్కడ నిలబడాలి."

"అలాగా. తెలియలేదు."

"ఫర్వాలేదు" అంది, అరటిపండు ఒలుచుకుంటూ. "వచ్చే ఏడు నిలబడుదువుగాని."

బస్సు వచ్చింది, ఉంటాను. సెలవు చీటీ మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకుంటున్నాను.

అక్క